డెబ్బై రెండు నెలల జరిమానా

సెయింట్ ఒమెర్, మెయిన్ రాష్ట్రం
ఫిబ్రవరి 6, 2019

మిల్లు యూనియన్ మాజీ సెక్రటరీ ఫెర్నాండ్ మీషో దొరగారికి,

నూట నలభై మంది ఎదుట నువ్వు నన్ను నవ్వులపాలు చేసి ఈ ఏప్రిల్‌కి తొమ్మిదేళ్ళు. నువ్వు మర్చిపోయి ఉంటావు. చేసినవాడికి గుర్తుండదు. పెన్షన్ నోటీసు ఇంగ్లీషులో ఒకసారి, మన తాతల ఫ్రెంచిలో ఒకసారి, యూనియన్ హాల్లో అలవాటైన పద్ధతిలోనే చదివావు. కాగితం మడిచావు. కళ్ళజోడు మీదనుంచి నావైపు చూసి, "పెల్కీ, నీకోసం మూడోసారి చదవమంటావా?" అన్నావు. మిల్లు మిల్లంతా నవ్వింది. నేను కుర్చీ వెనక్కి నెట్టి బయటికొచ్చేశాను. ఆ గడప మళ్ళీ తొక్కలేదు.

నేను ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి, నిజమే. కాగితం చుట్టే యంత్రం దగ్గర ముప్ఫై తొమ్మిదేళ్ళు నిలబడ్డాను. దాని ఒంటిమీద చెయ్యి పెట్టి ఏ బేరింగు పోబోతోందో చెప్పేవాణ్ణి. నువ్వు ఆఫీసు గదిలో కూర్చుని కామా ఎక్కడ పెట్టాలో చెప్పేవాడివి. ఎవరివల్ల మిల్లు నడిచిందో నువ్వే చూసుకో.

క్షమాపణ అడగడానికి రాయటం లేదు. నీ క్షమాపణ నాకు దేనికీ పనికిరాదు. నాకో కాగితం కావాలి.

మొన్న శరత్కాలంలో నా గుండె దారి తప్పింది. ఓసారి పరిగెత్తుతుంది, ఓసారి ఆగి ఆలోచిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా మాత్ర వేసుకోవాలన్నాడు డాక్టరు. దాని ధర విని, దానికన్నా గడ్డకట్టడమే చవక అన్నాను. ఆయన నవ్వలేదు. మిల్లు మూతపడి మన యూనియన్ వైద్య నిధి కూడా ఎత్తేశారు కదా, అందుకని డెబ్బై రెండేళ్ళ వయసులో మొదటిసారి ప్రభుత్వం వారి మందుల బీమాలో చేరాను. జనవరి ఇరవై ఎనిమిదో తారీఖు వేసిన ఉత్తరం వచ్చింది. ఆలస్యంగా చేరానట. డెబ్బై రెండు నెలలు వాళ్ళ కొలతకు తూగే బీమా లేకుండా తిరిగానట. నెలకి నూటికి ఒకటి చొప్పున కలిపి, మామూలు ప్రీమియం మీద నెలనెలా ఇరవై నాలుగు డాలర్లకు పది సెంట్లు తక్కువ. ఎప్పటిదాకా అంటే ఆ బీమా ఉన్నన్నాళ్ళూ. అంటే శవపేటిక మూత బిగించేదాకా.

కాలం కాని కాలంలో ట్రౌట్ చేప పట్టినందుకు ఓసారి జరిమానా కట్టాను. పట్టాను కాబట్టి కట్టాను. జబ్బు లేనప్పుడు మాత్రలకు బీమా కొనలేదని జరిమానా వేసేవాణ్ణి ఏమనాలో నాకు మాట దొరకడం లేదు. ఆరోగ్యంగా ఉన్నందుకు వేసిన జరిమానా అది.

దానికి ముందు డిసెంబరులో వాళ్ళు ఓ ఫారం పంపారట, ఇదివరకు ఏ బీమా ఉందో చెప్పమని. పొయ్యిలో వేశాను. నువ్వైనా అదే చేస్తావు. ఆ నెలల్లో నా తపాలా పెట్టెలో పడేవన్నీ ప్రకటనలే, తళతళలాడే పళ్ళున్న ముసలి జంటలు, సైకిలు మీద పోతూ, మందుల బీమా కొనమని. ఆ పళ్ళతోపాటు ఇదీ కాలింది.

కౌంటీ ముసలివాళ్ళ ఆఫీసులో బౌచర్ గారమ్మాయి ఉంది. నాకు చెవుడనుకుని అరుస్తుంది. అరిచి చెప్పింది ఏమిటంటే, ఉత్తరం తారీఖునుంచి అరవై రోజుల్లో మళ్ళీ చూడమని అడగవచ్చు. మార్చి ఇరవై తొమ్మిదికి అయిపోతుంది. నాకు బీమా ఉందనీ, అది తూగే బీమాయేననీ దాన్ని నడిపినవాళ్ళ దగ్గర కాగితం తేవాలి. నడిపినవాడివి నువ్వు. నిధి కోసం నెలనెలా నా పెన్షన్‌లో కోసుకున్నారు. కోత ఉంది కాబట్టి బీమా ఉంది. ఆ ముక్క రాసి సంతకం పెట్టి పంపు. మిగతా మాటలు అక్కర్లేదు.

అడెలార్ పెల్కీ


లూయిస్టన్, మెయిన్
ఫిబ్రవరి 13, 2019

ప్రియమైన అడెలార్,

నీ ఉత్తరం అందింది. ఇన్నేళ్ళకు నీ చేతిరాత చూడటం సంతోషం. మునుపటికంటే అర్థమవుతోంది.

నువ్వడిగిన కాగితం ఇవ్వలేను, ఎందుకంటే అది నిజం కాదు. 2013 జనవరి ఒకటినుంచి మన నిధి మందుల ఖర్చు బాగా తగ్గించింది. డబ్బు లేక తగ్గించింది. ఆ రోజునుంచి మన బీమా ప్రభుత్వం కొలతకు తూగేది కాదు. అంతకుముందు తూగేది. అందుకే నీకు అరవై ఐదు నిండిన నాటినుంచి కాక 2013 నుంచే లెక్క కట్టారు. వాళ్ళ లెక్క సరిగ్గానే ఉంది.

ఈ సంగతి సభ్యులందరికీ 2012 నవంబరులో తెలియజేయటం జరిగింది. వేరే బీమా చూసుకోండి, లేకపోతే తర్వాత జరిమానా పడుతుంది అని స్పష్టంగా ఉంది. మిగతావాళ్ళకు అందినది నీ ఒక్కడికీ అందకపోవటం ఎలా జరుగుతుంది? నాకు గుర్తున్నంతవరకు మీ ఇంట్లో ఉత్తరాల వ్యవహారం పాపం ఇర్మీన్ చూసేది. ఆ ఏడాది ఆమె ఒంట్లో బాగాలేదు కూడా. అలాంటప్పుడు ఒక కాగితం ఎక్కడో జారిపోవటం సహజం. ఎవరినీ తప్పు పట్టక్కర్లేదు.

ఇరవై నాలుగు డాలర్లు పెద్ద మొత్తం కాదు. నువ్వు గడ్డకట్టిన చెరువు మీద చేపలకు వాడే ఎరకే అంతకన్నా ఎక్కువ అవుతుంది. ఇక్కడ నేనుండే వృద్ధుల భవనంలో అందరి ఫారాలూ భోజనాల గదిలో కూర్చుని నేనే నింపిపెడుతున్నాను. ఇలాంటి జరిమానాలు చాలామందికి ఉన్నాయి. కట్టేస్తున్నారు. నువ్వూ కట్టెయ్యి.

ఫెర్నాండ్ జె. మీషో


సెయింట్ ఒమెర్
ఫిబ్రవరి 25

ఫెర్నాండ్,

దొరగారిని తీసేశాను చూడు.

నువ్వు రాసింది చదవడానికి నాకు ఓ పూట పట్టింది. చదివాక బయటికి పోయి కట్టెలు కొట్టాను. డాక్టరు వద్దన్న పని. గుండె చెప్పినమాట వినకపోతే ఆగి, మళ్ళీ కొట్టాను. ఆపైన లోపలికొచ్చి ఇర్మీన్ సొరుగులు తీశాను.

నీకు తెలియదు. దాని దగ్గర ఓ పద్ధతి ఉండేది. పిండి డబ్బాల కింద నాలుగు సొరుగులు. ఏ ఏడాది కాగితాలు ఆ ఏడాదికి ఊలు దారంతో కట్టేది. కవరు మీద అది వచ్చిన రోజు పెన్సిలుతో రాసేది. దాని ఒంట్లో బాగాలేని ఏడాది కూడా రాసింది. చెయ్యి వణికింది కాబట్టి అంకెలు వంకర, అంతే. నేను 2012 కట్ట విప్పాను. ఇదివరకు ఎన్నడూ విప్పలేదు. ఎనిమిది రోజులు పట్టింది. స్కేలు పెట్టి, ఒక్కో వరస కిందకి జరుపుతూ, అన్నీ చదివాను. కుక్క లైసెన్సు. చర్చి చందా రసీదులు. కట్టెలవాడి చీటీ. దాని చెల్లెలు రాసిన ఉత్తరం ఒకటి, అందులో నా గురించి ఉన్నది నువ్వు తెలుసుకోనక్కర్లేదు. ఆసుపత్రివి పద్నాలుగు. హాలునుంచి ఆ ఏడాది మొత్తానికి రెండే వచ్చాయి. ఒకటి క్రిస్మస్ విందు పిలుపు, ఒకటి చందా బాకీ చీటీ. అంతే. 2011 చూశాను, 2013 చూశాను. చలికాలం మేజోళ్ళ ప్రకటన కూడా పారెయ్యని మనిషి, నీ నోటీసు మాత్రం పారేసిందా?

"తెలియజేయటం జరిగింది" అని రాశావు. ఎవరు తెలియజేశారో, ఎలా తెలియజేశారో లేదు. నాకు చదువు తక్కువ గానీ ముప్ఫై తొమ్మిదేళ్ళు మేనేజర్లు మాట్లాడటం విన్నాను. తప్పు చేసినవాడు వాక్యంలోంచి తను తప్పుకుంటాడు. నువ్వు తప్పుకుని, అందులో నా భార్యని నిలబెట్టావు. ఆరేళ్ళు కావస్తోంది అది పోయి. లేచి వచ్చి కాదని చెప్పలేదు కదా.

ఇంతకుముందు నిన్ను గర్విష్ఠి అనుకున్నాను. గర్వంలో తప్పులేదు, నాకూ ఉంది. ఇది వేరే. దీన్ని పిరికితనం అంటారు. అదీ టైపు కొట్టి మరీ.

బౌచర్ గారమ్మాయి దగ్గరికి మళ్ళీ పోయాను. ఈసారి అరవలేదు. ఆ ఫారంలో ఇంకో గడి ఉందట. నీ బీమా తూగదు అని స్పష్టంగా చెప్పే నోటీసు అందలేదు, అని. అదీ వాళ్ళు వింటారట. అయితే పంపలేదని పంపవలసినవాడు ఒప్పుకుంటేనే బలం.

ఒకటే అడుగుతున్నాను. ఆ నవంబరులో నువ్వు నా పేరు రాసి, తపాలా బిళ్ళ అంటించి, పెట్టెలో వేశావా లేదా? అవును, లేదు, రెంటిలో ఒకటి రాయి. దానికి టైపు మిషను అక్కర్లేదు.

అడెలార్


లూయిస్టన్
మార్చి 5

అడెలార్,

లేదు.

చేత్తోనే రాస్తున్నాను. ఈ మధ్య నా చెయ్యీ బాగుండటం లేదు, ఓర్చుకో.

పంపలేదు. చదివాను. నవంబరు సభలో ఇంగ్లీషులో ఒకసారి, ఫ్రెంచిలో ఒకసారి. ఆ రోజు హాల్లో ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారు. మినిట్సు పుస్తకంలో "సభ్యులకు తెలియజేయటమైనది" అని రాసి సంతకం పెట్టాను. నిధి లాయరమ్మ తపాలాలోనే పంపాలని నాకు రాసింది. అప్పటికి ఆఫీసులో తపాలా ఖర్చుకు కూడా వెతుక్కోవలసి వచ్చేది. అయినా అది సాకే. పంపకపోవటానికి నా దగ్గర ఇంకో కారణం ఉంది. అదీ విను.

మినిట్సు పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి. 1998 మార్చి. తీర్మానం ఇలా ఉంది: నోటీసులు తపాలాలో పంపటం ఆపాలి. మనిషికి చెప్పదలచుకున్నది హాల్లో, మనిషి ముఖాన, రెండు భాషల్లోనూ చదివి చెప్పాలి. నూట ముప్ఫై ఒకరు అవునన్నారు, ఆరుగురు కాదన్నారు. ఆ ఆరుగురిలో నేనొకణ్ణి. ప్రతిపాదించినవాడు అ. పెల్కీ. ఆ రోజు నువ్వు బల్ల మీద గుద్ది, కాగితాలు పంపే సెక్రటరీకి కార్మికుల ముఖం చూసే ధైర్యం లేదన్నావు. చప్పట్లు నాకింకా వినిపిస్తాయి. పన్నెండేళ్ళు, నెలకోసారి, నీ తీర్మానం ప్రకారం గొంతు పోయేలా రెండు భాషల్లో చదివాను. మూడోసారి చదవనా అని ఆ రోజు అన్నది అందుకే. అనకూడదు. కానీ ఎక్కడినుంచి వచ్చిందో నీకు తెలియాలి.

ఇంకోటి. ఆ నవంబరు సాయంత్రం నీ ట్రక్కు హాలు బయట ఉంది, ఇంజను ఆడుతోంది. కిటికీలోంచి చూశాను. నోటీసు చేతిలో ఉంది. మెట్లు పదకొండు. దిగి వచ్చి, అడెలార్, ఇది నీకు ముఖ్యం అని చెప్పి ఉండవచ్చు. ముఖాన చెప్పమన్నవాడు వచ్చి ముఖం చూపిస్తే చెబుతాను అనుకున్నాను. లైటు ఆర్పేశాను.

ఇర్మీన్ గురించి రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. అది రాస్తున్నప్పుడే అబద్ధమని తెలుసు.

ఇప్పుడు నా సంగతి. ఈ కాగితం మీద సంతకం పెడితే నీ ఒక్కడితో ఆగదు. ఆ రోజు హాల్లో లేనివాళ్ళు, ఉన్నా వినిపించుకోనివాళ్ళు నలభై ఇళ్ళుంటాయి. అందరూ వస్తారు. నాకు డెబ్బై తొమ్మిది. మధ్యాహ్నాలు ఈ భోజనాల గదిలో ముసలమ్మలు ఫారాలు పట్టుకుని నాకోసం వరసలో కూర్చుంటారు. వాళ్ళు నన్ను నమ్ముతారు. నాకు ఇంకేం మిగిలి ఉంది?

అందుకని ఒక మాట. నీ జరిమానా నేను కడతాను. నెలనెలా, ఎవరికీ తెలియకుండా. ఈ ఏడాదికి చెక్కు ఇందులో పెట్టాను. మనిద్దరి మధ్యే ఉంచు.

ఫెర్నాండ్


సెయింట్ ఒమెర్
మార్చి 11

ఫెర్నాండ్,

నీ చెక్కు పళ్ళ జంటల దారిలోనే పోయింది. చక్కగా మండింది.

నోరు మూసుకోవడానికి ఇరవై నాలుగు డాలర్లు ఇచ్చేవాణ్ణి మిల్లులో ఏమనేవాళ్ళమో గుర్తుందా? కంపెనీ మనిషి అనేవాళ్ళం. నువ్వు గర్విష్ఠివనీ పిరికివాడివనీ రాశాను, కంపెనీ మనిషివని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు అనుకోనివ్వకు.

తీర్మానం నాదే. మర్చిపోలేదు, నీకూ గుర్తుండదులే అనుకున్నాను. పుస్తకాలు మోసుకుపోయావని నాకేం తెలుసు. బల్ల గుద్దిన మాటా నిజమే. ధైర్యం గురించి చెప్పింది మాత్రం బొంకు. అసలు సంగతి చెబుతాను, నవ్వితే నవ్వు. హాలునుంచి ఉత్తరం వచ్చినప్పుడల్లా అది బల్లమీద పెట్టుకుని, ఇర్మీన్ గిన్నెలు కడగడం అయి, చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కునేదాకా కూర్చునేవాణ్ణి. యాభై రెండేళ్ళవాణ్ణి, అన్నం పెట్టేదాకా కాచుకున్న పిల్లాడిలా. అసలు ఉత్తరమే రాకపోతే ఈ కాచుకోవడం ఉండదు కదా అనుకున్నాను. నా ఒక్కడి సిగ్గు దాచుకోవడానికి నూట ముప్ఫై మంది చేత చేతులెత్తించాను. వాళ్ళలో సగం మంది ఎందుకు ఎత్తారో నాకు తెలుసు, వాళ్ళిళ్ళలోనూ అంతే కాబట్టి.

ట్రక్కూ నాదే. క్లోవిస్ వెలెట్ కంటిచూపు తగ్గింది, రాత్రి నడపలేడు. వాణ్ణి దింపి బయట కూర్చునేవాణ్ణి. ఆ సాయంత్రం వాడు అద్దం దగ్గరికొచ్చి, "మందుల బీమా గురించి ఏదో చదివాడ్రా, నువ్వు వినాల్సింది" అన్నాడు. "ఆ నోటినుంచి వచ్చింది నాకు ఎంగిలి చేసి పెట్టకు" అన్నాను. అద్దం పైకెత్తాను. అంటే నువ్వు పదకొండు మెట్లు దిగలేదు, నేను ఓ అద్దం దించలేదు. ఇద్దరం సరిపోయాం. ఈ ముక్క కూడా నా ఫారంలో రాశాను. బౌచర్ గారమ్మాయి, ఇది రాస్తే మీ అర్జీకి దెబ్బ అంది. అందులో అడిగింది కాగితం అందిందా అని. అందలేదు. మిగతాది జరిగింది కాబట్టి రాశాను. దెబ్బ తగిలితే తగలనీ.

ఇక నీ నలభై ఇళ్ళు. దాని మాట తేల్చుకుందామని నిన్నా మొన్నా తిరిగాను. నువ్వు ఇక్కడ లేవు, నీకు తెలియదు. నలభైలో సమాధుల్లో ఉన్నవాళ్ళను చర్చి పుస్తకం చూసి కొట్టేశాను. నర్సింగు ఇళ్ళకు పోయి ఎవరి మందులు ఎవరు కొంటున్నారో తెలియనివాళ్ళను కొట్టేశాను. ఆ రోజు విని, బుద్ధిగా బీమా కొనుక్కున్నవాళ్ళను కొట్టేశాను. నాతో కలిపి తొమ్మిది మంది మిగిలారు. నువ్వు భయపడే గుంపు అంతా నా ట్రక్కులోనూ ఇంకో కారులోనూ పడుతుంది.

మిగతా ఎనిమిది మందీ ఎప్పటినుంచో కడుతున్నారు, ఫెర్నాండ్. క్లోవిస్ అయిదేళ్ళుగా కడుతున్నాడు. విన్నాడు, అర్థం కాలేదు, అడగటానికి సిగ్గుపడ్డాడు. రెండుసార్లు చదివాక కూడా అర్థం కానివాణ్ణి నువ్వేం చేస్తావో అందరూ చూశారు కదా. అది ఏదో పన్ను అనుకున్నాడు. ఓనెజిమ్ భార్య సగం మాత్రే వేసుకుంటోంది, మిగతా సగం మర్నాటికి. ఓనెజిమ్ తనే ఏదో తెలివితక్కువ పని చేశాననుకుంటున్నాడు, ఏం చేశాడో తనకే తెలియదు, నాకు చెప్పేటప్పుడు తలుపు మూశాడు. ఎవరికివారే తమది మొద్దుతనమనుకుంటున్నారు. కాదు. నీదీ నాదీ.

వాళ్ళకు అరవై రోజులు ఎప్పుడో దాటిపోయాయి. బౌచర్ గారమ్మాయి, తగిన కారణం చూపిస్తే ఆలస్యంగా అడిగినా చూడవచ్చు, మాట ఇవ్వలేను, అంది. తగిన కారణం నీ పుస్తకంలో ఉంది. 1998 మార్చి పుట, 2012 నవంబరు పుట. రెంటికీ నకలు తీయించు. దాంతోపాటు తొమ్మిది కాగితాలు రాయి. ఒక్కో కాగితం మీద ఒక్కో పేరు. ఈ మనిషికి నోటీసు తపాలాలో పంపలేదు, పంపవలసిన బాధ్యత నాది, అని. నువ్వే ఉండు ఆ వాక్యంలో. పేర్లు ఇందులో వేరే కాగితం మీద రాశాను. చర్చి పుస్తకం చూసి ఎక్కించాను, ఒక్క అక్షరం తప్పు లేదు, కావాలంటే వెతుక్కో. నా వాంగ్మూలం కూడా పెట్టాను, తీర్మానం నాదేనని. అది నీ కాగితాలతో కుట్టి పంపు. తొమ్మిదింటికీ.

నీ ముసలమ్మలు నిన్ను నమ్మడం మానేస్తారని భయం. మానేస్తే మానెయ్యనీ. చేసింది ఒప్పుకున్నవాడి దగ్గరికి రాని మనుషుల ఫారాలు నువ్వు నింపితే ఎంత, నింపకపోతే ఎంత.

నాకు ఇరవై తొమ్మిదో తారీఖు గడువు. వాళ్ళ ఆఫీసుకు ఉత్తరం చేరడానికి వారం కావాలి. కాబట్టి ఇరవై రెండు, శుక్రవారం, నా పెట్టెలో నీ కవరు ఉండాలి. తపాలావాడు పదకొండున్నరకు వస్తాడు. పన్నెండు దాకా చూస్తాను. లేకపోతే మిగతా ఎనిమిది మందినీ ఎక్కించుకుని లూయిస్టన్ వస్తాను. రోడ్డు మీద మంచు ఉంది, నా గుండె ఇలా ఉంది, క్లోవిస్‌కి కళ్ళు లేవు, అయినా వస్తాం. నీ భోజనాల గదిలో నీ వరసలోనే కూర్చుంటాం. అందరి ముందూ ఒక్కొక్కరం లేచి మా ఫారం నీ చేతికిస్తాం.

శుక్రవారం, పన్నెండు గంటలు.

అడెలార్ పెల్కీ